షివర్, షడర్, ట్రెంబుల్... అన్నీ 'వణికారు' అయిపోతున్నాయి, తేడా చెప్పగలరా?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు ఇంగ్లండులోని లెస్టర్‌లో పుట్టి పెరిగింది. వాళ్ళ తాతయ్య, అంటే మా నాన్న, తన ఆఖరి చలికాలం వాళ్ళింట్లోనే గడిపారు. ఆ మూడు నెలల గురించి అది ఇంగ్లీషులో పదిహేను పేజీల కథ రాసింది. మోకాలి ఆపరేషన్ వల్ల మా అమ్మ అప్పుడు ఆయనతో వెళ్ళలేకపోయింది. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఆమెకు చదివి వినిపించాలని కథను తెలుగులోకి మారుస్తున్నాను.

నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. తాతయ్య బస్టాపులో 'షివర్' అయ్యారు. తమ్ముడు పోయాడన్న కబురు ఫోన్లో విని 'షడర్' అయ్యారు. కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి 'ట్రెంబుల్' అయింది. ఏదో చెప్పబోతే పెదవి 'క్వివర్' అయింది. నిద్రలో కాలు 'ట్విచ్' అయింది. నర్సు సూది పట్టుకుని రాగానే 'ఫ్లించ్' అయ్యారు, గుచ్చాక 'విన్స్' అయ్యారు. నా తెలుగులో ఈ ఏడు మాటలూ 'వణికారు' అయ్యాయి. మహా అయితే ఒకచోట 'కంపించారు' అని రాశాను. మళ్ళీ చదువుకుంటే మా నాన్న మూడు నెలలపాటూ వణుకుతూనే ఉన్నట్టుంది. ఆయన అలాంటి మనిషి కాదు.

నా దగ్గరున్న చిన్న నిఘంటువులో వీటిలో సగానికి 'వణుకు' అనే ఉంది. తేడా తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాతబడి మాస్టారు

అమ్మా, నేను గుంటూరు జిల్లాలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న నన్ను ఎంతోమంది పిల్లలు అడిగారు.

షివర్ అంటే ముందుగా గుర్తుకు రావాల్సింది చలి. ఒళ్ళంతా సన్నగా, ఆగకుండా వణకడం. భయానికి కూడా వాడతారు కానీ అప్పుడు కూడా ఒళ్ళు చల్లబడిన భావన ఉంటుంది. షడర్ అలా కాదు. అది ఒక్కసారే వస్తుంది. నెత్తి నుంచి కాళ్ళదాకా ఒక పెద్ద కుదుపు పాకిపోయి ఆగిపోతుంది. దాని వెనక అసహ్యమో, ఘోరమైన విషయమో ఉంటుంది. 'పది నిమిషాలు షివర్ అవుతూ నిలబడ్డాడు' అనొచ్చు. 'పది నిమిషాలు షడర్ అయ్యాడు' అంటే ఇంగ్లీషువాళ్ళ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. పాత బస్సు ఇంజను ఆపితే బండంతా ఒక్క ఊపు ఊగి ఆగుతుంది చూడండి, దానికి కూడా షడర్ అనే అంటారు. షివర్ అనరు.

ట్రెంబుల్‌కి కారణం లోపల ఉంటుంది. భయం, కోపం, దుఃఖం, నీరసం, వయసు. ఎక్కువగా ఒక అవయవం గురించి చెబుతారు: చేతులు, మోకాళ్ళు, గొంతు. క్వివర్ అంతకన్నా చిన్న కదలిక. పెదవి, గడ్డం, గొంతు. పసిపిల్లవాడు ఏడుపు మొదలెట్టే ముందు కింది పెదవి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, అదే క్వివర్. దీనికి మనకు చక్కటి మాట ఉంది: అదరడం. 'పెదవి అదిరింది' అనండి. వణికింది అనకండి.

మీ నాన్నగారి గురించి చదివాక మనసు భారమైంది.

మన్యం నర్సమ్మ

మాస్టారు చెప్పింది కథలకు సరిపోతుంది. ఆస్పత్రిలో ఈ మాటల తేడా ఇంకోలా ఉంటుంది.

నేను పాడేరు ఏజెన్సీలో ఏళ్ళ తరబడి నర్సుగా చేశాను. వానలు పడితే మాకు మలేరియా కేసులే. కేస్ షీటులో 'ఫీవర్ విత్ చిల్స్ అండ్ రైగర్స్' అని రాసేవాళ్ళం. కొత్తగా వచ్చిన పిల్లలు ఈ రెంటినీ ఒకటే అనుకుని రాసేసేవారు. చిల్స్ అంటే రోగికి చలిగా అనిపించడం. అతను చెబితేనే మనకు తెలుస్తుంది. రైగర్ మాత్రం మన కంటికి కనిపిస్తుంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా మంచం చప్పుడయ్యేలా ఊగిపోతారు, పళ్ళు టకటక కొట్టుకుంటాయి. నోట్లో థర్మామీటరు పెడితే కొరికేస్తారేమోనని చంకలో పెట్టేవాళ్ళం. కాసేపటికి ఆ చలి పోయి ఒళ్ళు కాలిపోతుంది, ఆ తర్వాత చొక్కా పిండేంత చెమట. ఊళ్ళో పెద్దవాళ్ళు దీన్ని చలిజ్వరం అనేవారు. ఆ పేరు ఎంత సరైనదో చూడండి. ఒళ్ళు వేడిగా ఉన్నా మనిషికి చలే తెలుస్తుంది.

కారణం ఏమిటంటే, మెదడులో ఒళ్ళు వేడిని అదుపుచేసే చోటు ఒకటి ఉంటుంది. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు అది 'ఇంకా వేడి కావాలి' అని నిర్ణయించుకుంటుంది. కండరాలు గబగబా ముడుచుకుని విడివడితే వేడి పుడుతుంది. అదే వణుకు. బస్టాపులో చలికి వణకడం, మలేరియాలో వణకడం రెండూ ఒకే పని.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం. పసిపిల్లలకు జ్వరం పెరిగినప్పుడు వచ్చే ఫిట్స్‌ని కూడా తల్లులు 'వణుకుతున్నాడమ్మా' అనే చెబుతారు. దాన్ని కన్వల్షన్ అంటారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో వస్తుంది. నేను అడిగే మొదటి ప్రశ్న: 'పేరుపెట్టి పిలిస్తే చూస్తున్నాడా?' చలికి వణికేవాడు చూస్తాడు, ఏడుస్తాడు, నీళ్ళడుగుతాడు. కన్వల్షన్‌లో ఉన్నవాడికి మన గొంతు వినపడదు. కళ్ళు పైకి తేలిపోతాయి, కాళ్ళూ చేతులూ బిగుసుకుని కొట్టుకుంటాయి. అప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచాలు, వేళ్ళు, నీళ్ళు ఏవీ పెట్టకండి. చేతిలో తాళాలగుత్తి పెడితే ఆగుతుందని మనవాళ్ళ నమ్మకం. దానితో ఏమీ ఆగదు, ఎక్కువసార్లు ఫిట్ దానంతటదే ఆగుతుంది. ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

డల్లాస్ తమ్ముడు

నర్సమ్మ గారూ, మీ పోస్టు నేను రెండేళ్ళ కిందట చదివి ఉండాల్సింది.

నాన్న ఇండియా నుంచి మా దగ్గరికి వచ్చారు. ఒకరోజు రాత్రి రెండింటికి మంచం మీద ఊగిపోతున్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తర్వాత తెలిసింది. నేను టెన్షన్‌లో 911కి ఫోన్ చేసి 'ఫిట్స్' అన్నాను. అటువైపు ఆవిడకు అర్థం కాలేదు. అమెరికాలో ఫిట్ అంటే పిల్లలు చేసే మారాం, లేదా కోపంతో గంతులేయడం. మూర్ఛకు వాళ్ళు వాడే మాట సీజర్. ఆవిడే 'సీజర్?' అని అడిగింది, నేను అవునన్నాను. అక్కడితో దారి మారిపోయింది. వచ్చినవాళ్ళంతా మూర్ఛ ఎప్పటినుంచి, ఏ మాత్రలు వాడుతున్నారు అని అడగడమే. ఆస్పత్రిలో తలకు స్కాన్ తీశారు. నాన్న మధ్యమధ్యలో నాతో తెలుగులో మాట్లాడుతూనే ఉన్నారు, 'చలేస్తోందిరా' అని. దాన్ని నేను వాళ్ళకు చెప్పలేదు, ముఖ్యం అనుకోలేదు. మూత్రం పరీక్ష తెల్లారాక చేశారు. ఇప్పుడు నాన్న బాగానే ఉన్నారు.

ఇంకో మాట కూడా ఇక్కడున్నవాళ్ళకు చెప్పాలి. మనం 'గిడ్డీనెస్' అంటాం. ఇక్కడ గిడ్డీ అంటే సంతోషం పట్టలేక తుళ్ళిపడటం. అమ్మకు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పాలంటే 'డిజీ' అనాలి. అన్నా వాళ్ళు ఊరుకోరు. గది గిర్రున తిరుగుతున్నట్టుందా, లేక పడిపోతానేమో అనిపిస్తోందా అని అడుగుతారు. మొదటిది వర్టిగో, చెవిలో సమస్య వల్ల కూడా రావచ్చు. రెండోది లైట్‌హెడెడ్, బీపీ తగ్గినప్పుడు వచ్చేది. మనం రెండిటికీ 'కళ్ళు తిరుగుతున్నాయి' అనేస్తాం.

పాతబడి మాస్టారు

నాయనా, మీ నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. ఒక్కటి కలుపుతాను. రెండోదానికి మనకు మాట ఉంది, వాడటం మానేశాం: 'కళ్ళు బైర్లు కమ్మాయి'. నిలబడగానే చూపు నల్లబడి పడిపోబోయే స్థితి అదే. నిజంగా పడిపోతే 'సొమ్మసిల్లాడు'. ఈ మూడూ మా అమ్మ విడివిడిగా వాడేది.

చిన్నారి అమ్మ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా పాపకు రెండు నెలలు. నిద్రలో చేతులు రెండూ ఒక్కసారి చాచి, మళ్ళీ దగ్గరకు తెచ్చుకుని ఏడుస్తుంది. తలుపు చప్పుడైనా అంతే. మా అత్తగారు జడుసుకుందంటున్నారు. ఇది ట్విచ్చా, నర్సమ్మ గారు చెప్పిన కన్వల్షనా? భయంగా ఉంది.

మన్యం నర్సమ్మ

భయపడకమ్మా. నువ్వు చెప్పిన తీరు చూస్తే స్టార్టిల్, ఉలికిపాటు. చప్పుడుకో, తల కాస్త వెనక్కి వాలినప్పుడో చేతులు చాచి మళ్ళీ దగ్గరకు తెచ్చుకోవడం పసిపిల్లలందరికీ ఉంటుంది. ఉందా లేదా అని పుట్టగానే డాక్టర్లు పరీక్ష చేసి మరీ చూస్తారు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అదే పోతుంది. అయితే వరసగా ఒకదాని వెంట ఒకటి వస్తున్నా, పాప చూపు నిలబడకపోయినా ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు చూపించు. వీడియో ఉంటే వాళ్ళకు మాటలకన్నా ఎక్కువ తెలుస్తుంది.

ట్విచ్ అంటే ఒక చిన్న కండరం పుటుక్కున అదరడం. కన్ను అదరడం ట్విచ్చే. నిద్ర తక్కువైనా, కాఫీ ఎక్కువైనా, అలసిపోయినా వస్తుంది. గోదారిగట్టు గారి నాన్నగారికి నిద్రలో కాలు ట్విచ్ అయిందంటే అదిరిందనే రాయండి. అదే నిద్ర పట్టబోతుండగా మెట్టు మీంచి పడ్డట్టు అనిపించి ఒళ్ళంతా ఎగిరిపడితే దాన్ని జెర్క్ అంటారు. మనకూ అందరికీ వచ్చేదే.

మూడురంగుల జెండా

ఫ్లించ్ గురించి నాకు తెలిసినంత వివరంగా ఎవరికీ తెలియదేమో, ఎందుకంటే అది పోగొట్టుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు పాయింట్ 303 రైఫిల్‌తో ఫైరింగ్ చేయించారు. గుండు వెళ్ళాక తుపాకి భుజాన్ని వెనక్కి తంతుంది. ఆ తన్నుడే రీకాయిల్. మొదటి గుండు బాగానే కొట్టాను. రెండో గుండు నుంచి గురి తప్పడం మొదలైంది. ఉస్తాద్ గారు నా పక్కన పడుకుని చూశారు. ఏమీ అనలేదు. తర్వాతి రౌండు నాకు తెలియకుండా డమ్మీ పెట్టి ఇచ్చారు. నేను ట్రిగ్గర్ నొక్కాను. గుండు పేలలేదు, తుపాకి తన్నలేదు, కానీ నా భుజం వెనక్కి లాక్కుంది, కళ్ళు మూసుకున్నాయి. 'దేఖా?' అన్నారాయన. దెబ్బ తగలకముందే, తగులుతుందని ఒళ్ళు తప్పుకోవడం. ఫ్లించ్ అంటే అదే.

విన్స్ తర్వాత వస్తుంది. నొప్పి తగిలాక మొహంలో కనపడేది. కళ్ళు చికిలించి, పళ్ళు బిగించి, ఒక్క క్షణం. ఒళ్ళు కదలకపోవచ్చు. అందుకని మేనకోడలు రాసినది చాలా సరిగ్గా ఉంది అక్కా: సూది చూసి ఫ్లించ్, గుచ్చాక విన్స్. 'సూది చూడగానే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. గుచ్చాక మొహం చిట్లించారు' అంటే సరిపోతుంది. ఆమె ఆ గదిలో పక్కన కూర్చుని చూసి రాసిందని నాకనిపిస్తోంది.

గోదారిగట్టు

అవును తమ్ముడూ. రక్తపరీక్షలకు అదే తీసుకెళ్ళేది.

ఓరుగల్లు పిల్ల

నాకొక డౌటు. మేం రోజూ 'క్రింజ్' అంటాం. ఎవరైనా స్టేజీ మీద అతి చేస్తే, పాత ఫేస్‌బుక్ పోస్టు గుర్తొస్తే క్రింజ్. ఇది కూడా విన్స్ లాంటిదేనా? మా అమ్మకు చెప్పాలంటే తెలుగులో ఏమనాలో తెలియట్లేదు. 'సిగ్గైతుంది' అంటే అది వేరే అనిపిస్తుంది.

పాతబడి మాస్టారు

మంచి ప్రశ్న అమ్మా. ఈ మాటల పుట్టుక చూస్తే తేడా బాగా పట్టుబడుతుంది. క్రింజ్ పాత ఇంగ్లీషులో యుద్ధంలో కూలిపోవడానికి, లొంగిపోవడానికి వాడిన మాట నుంచి వచ్చింది. తర్వాత యజమాని ముందు భయంతో ముడుచుకుపోవడం అయింది. ఇప్పుడు ఇబ్బందితో ముడుచుకుపోవడం. మూడింటిలోనూ ఉన్నది ఒకటే, ఒళ్ళు చిన్నదైపోవడం. విన్స్ మొదట్లో గుర్రాల మాట. గుర్రం చిరాకుపడి కాలు ఝాడించడం, తన్నడం. రీకాయిల్ ఫ్రెంచి నుంచి వచ్చింది, పిర్రలను చెప్పే మాట అందులో ఉంది. అంటే వెనక్కి వెనక్కి పోవడం. పామును చూసి రీకాయిల్ అవుతాం, అంటే ఒకడుగు వెనక్కి వేస్తాం. తుపాకికీ అదే మాట సరిపోయింది.

నీ క్రింజ్‌కి 'చూస్తుంటే ప్రాణం చచ్చిపోయింది', 'ఒళ్ళు ముడుచుకుపోయింది' అనుకో. సిగ్గు మన తప్పుకు. ఇది ఎదుటివాళ్ళ తప్పుకు మన ఒళ్ళు ముడుచుకోవడం. మీ అమ్మకు ఇట్టే అర్థమవుతుంది.

ఓరుగల్లు పిల్ల

'ప్రాణం చచ్చిపోయింది' అమ్మ అంటనే ఉంటది! అయితే బ్లష్, ఫ్లష్ కూడా చెప్పరా మాస్టారూ? రెండూ మొహం ఎర్రబడుడే కదా.

అందెల సవ్వడి

మాస్టారి కన్నా ముందు నేను చెబుతాను, ఇది నా పని. నేను కూచిపూడి నేర్పిస్తాను.

బ్లష్ సిగ్గుకు మాత్రమే. ఎవరో చూస్తున్నారన్న ఎరుక ఉంటేనే వస్తుంది. మనుషుల హావభావాలన్నిటిలోనూ అత్యంత మానవ సహజమైనది ఇదేనని డార్విన్ 1872లో రాశారు. ఫ్లష్ కోపానికి, జ్వరానికి, ఎండకు, మద్యానికి, నెలసరి ఆగే వయసులో వచ్చే వేడి ఆవిర్లకు. తెలుగులో బ్లష్ అంటే బుగ్గలు కెంపెక్కడం. కోపంతో ఫ్లష్ అయితే 'మొహం జేవురించింది'. ఎండకైతే 'కందిపోయింది'. ఇంగ్లీషుకు ఫ్లష్ ఒకటే ఉన్నచోట మనకు రెండున్నాయి!

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతుంటే నాకు సాత్త్విక భావాలే గుర్తొస్తున్నాయి. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది చెప్పాడు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కదలకుండా నిలిచిపోవడం, చెమట, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం. ఇవన్నీ మన ఆధీనంలో లేనివే. చేతి ముద్రను సాధన చేసి పట్టొచ్చు. వీటిని పట్టలేం. మనసు ఆ భావంలో నిజంగా మునిగితేనే వస్తాయని మా గురువుగారు చెప్పేవారు. పిల్లలు భయం అభినయించాలంటే చేతులు ఊపుతారు. అది చేతులాడించడమే, వేపథువు కాదు. ఊపిరి ముందు మారాలి, ఆ తర్వాత చేతులు వాటంతటవే అదురుతాయి. మా క్లాసులో ఒక అమ్మాయి ఒకరోజు ద్రౌపది చేస్తూ మాట పెగలక ఆగిపోయింది, కింది పెదవి అదిరింది. తను ఆ పని చేయలేదు, అది దానంతటదే జరిగింది. అక్కడున్న పదిమందిమీ చూశాం.

భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తన ఒంటి గురించి చెప్పే మాటలు చూడండి. అవయవాలు పట్టుతప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, ఒంట్లో వేపథువు, రోమహర్షం. వణుకు వేరు, రోమాంచం వేరు అని అక్కడే విడిగా ఉంది.

పాతబడి మాస్టారు

రోమహర్షం అన్నారు కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. సంస్కృతంలో హర్షం అంటే మొదటి అర్థం వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. సంతోషం తర్వాత వచ్చింది. లాటిన్‌లో దీనికి చుట్టమైన మాటకు కూడా వెంట్రుకలు నిక్కబొడుచుకోవడమనే అర్థం. ఇంగ్లీషు హారర్ అక్కడి నుంచి వచ్చిందే. అంటే మన హర్షం, వాళ్ళ హారర్ ఒక తల్లి పిల్లలు. ఒంటి మీద జరిగే పని ఒకటే. ప్రతి వెంట్రుక కింద ఒక చిన్న కండరం ఉంటుంది, అది బిగుసుకుంటే వెంట్రుక లేస్తుంది. ఒక జాతి దానికి ఆనందం పేరు పెట్టింది, ఇంకో జాతి భయం పేరు పెట్టింది. ఇంగ్లీషులో గూస్‌బంప్స్ ఇప్పుడు రెండిటికీ వాడతారు. మన తెలుగులో మాత్రం విడదీశాం. ఆనందానికి పులకరింత, భయానికి గగుర్పాటు.

అక్షరాల పని

నేను ఒక పత్రికలో ప్రూఫ్‌లు చూస్తాను. మాస్టారితో ఒక చోట నాకు పేచీ ఉంది.

ఒక్కో ఇంగ్లీషు మాటకు ఒక్కో తెలుగు మాట పట్టుకొచ్చి పక్కన పెట్టే పని గోదారిగట్టు గారికి ఉపయోగపడదు అనుకుంటున్నాను. ఇంగ్లీషు తేడాలన్నిటినీ క్రియలో దాచుకుంటుంది. తెలుగు అలా చేయదు. మన క్రియ ఒకటే ఉండొచ్చు, దాని ముందు వచ్చే జంటపదం తేడా చెబుతుంది. చలికి గజగజ వణుకుతాం. ఎవరికో భయపడి గడగడలాడతాం. తడిసి వడవడ వణుకుతాం. గుండె దడదడ కొట్టుకుంటుంది. పళ్ళు టకటకలాడితే చలి, పటపటలాడితే కోపం. లేదా 'మంది' చేర్చి ఒక్క క్షణం జరిగేది చెబుతాం. ఒళ్ళు ఝల్లుమంది, పళ్ళు జివ్వుమన్నాయి, మనసు చివుక్కుమంది. షడర్‌లో ఉన్న 'ఒక్కసారే' అన్న అర్థం మనకు ఈ 'మంది'లో ఉంది.

రెండోది, మనం ఏ అవయవమో చెబుతాం. ఇంగ్లీషులో 'ఆయన విన్స్ అయ్యాడు' అని మనిషిని చెబితే చాలు. తెలుగులో మొహం చిట్లించాలి, పెదవి అదరాలి, చెయ్యి వెనక్కి పోవాలి. మనిషి అంతా కర్తగా ఉంటే తెలుగు వాక్యం పట్టు తప్పుతుంది. మీ 'వణికారు'లు అన్నిట్లోనూ కర్త నాన్నగారే. ఆ కర్తని మార్చి చూడండి.

పాతబడి మాస్టారు

ఒప్పుకుంటున్నాను. నేను ముప్ఫై ఏళ్ళూ పిల్లలకు రెండు నిలువు గీతలు గీసి అటు ఇంగ్లీషు, ఇటు తెలుగు రాయించాను. పరీక్షకు అది పనికొచ్చింది. ఇప్పుడు మీరు చెప్పింది చదివాక, గజగజకీ వడవడకీ ఇంగ్లీషులో ఏం రాయాలో నాకు తోచట్లేదు.

మన్యం నర్సమ్మ

గోదారిగట్టు గారూ, ఒక్క విషయం అడగాలని ఉంది. కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడే చెయ్యి వణికేదా, ఊరికే కుర్చీలో కూర్చున్నప్పుడు కూడానా? ఇంగ్లీషులో ట్రెంబుల్ వేరు, ట్రెమర్ వేరు. ట్రెమర్ జబ్బు గుర్తుగా డాక్టర్లు రాసే మాట. చెయ్యి ఒళ్ళో ఊరికే ఉన్నప్పుడు వణికి, ఏదైనా పట్టుకుంటే తగ్గితే అది పార్కిన్సన్స్‌లో ఎక్కువగా కనపడే రకం. జేమ్స్ పార్కిన్సన్ 1817లో దాని గురించి రాసినప్పుడు 'షేకింగ్ పాల్సీ' అన్నారు. బొటనవేలు, చూపుడువేలు మాత్రని నలుపుతున్నట్టు కదులుతాయి. గ్లాసు ఎత్తితేనే, సంతకం పెడితేనే వణికేది ఇంకో రకం, చాలా ఇళ్ళల్లో తండ్రికి, కొడుక్కి వరసగా వస్తుంది. అనువాదానికి అక్కర్లేకపోవచ్చు, కానీ కుటుంబంలో ఎవరికైనా ఉంటే తెలుసుకోవడం మంచిది.

గోదారిగట్టు

గ్లాసు పట్టుకున్నప్పుడే నర్సమ్మ గారూ. మా పెద్దన్నయ్యకు కూడా సంతకం దగ్గర చెయ్యి కదులుతుంది. మీరు చెప్పాక ఆయన్ని డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను.

అందరూ చెప్పింది దగ్గర పెట్టుకుని నాలుగో పేజీ రెండు రాత్రులు కూర్చుని తిరగరాశాను. కర్తని మార్చమన్న మాట బాగా పనిచేసింది. ఇప్పుడు ఇలా ఉంది:

'బస్టాపులో ఆయన గజగజ వణుకుతున్నారు, నా మఫ్లర్ ఇస్తే వద్దన్నారు.' 'ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఒక్కసారి ఒళ్ళు జలదరించింది. తర్వాత ఆయన కదల్లేదు.' 'గ్లాసు ఎత్తితే చెయ్యి వణికింది, రెండో చెయ్యి పట్టుకుని ఆపారు.' 'ఏదో చెప్పబోయారు, పెదవి అదిరింది, మళ్ళీ మూసేసుకున్నారు.' 'నిద్రలో కాలు అదిరింది, దుప్పటి జారింది.' 'సూది చూడగానే చెయ్యి వెనక్కి లాక్కున్నారు, నన్ను చూసి మళ్ళీ చాచారు. గుచ్చినప్పుడు మొహం చిట్లించారు గానీ చప్పుడు చేయలేదు.'

ఏడింటిలో వణుకు రెండు చోట్లే మిగిలింది.

అక్షరాల పని

చాలా బాగుంది. 'మళ్ళీ చాచారు' దగ్గర ఆగి రెండుసార్లు చదివాను.

గోదారిగట్టు

నిన్న సాయంత్రం అమ్మకు చదివి వినిపించాను. వరండాలో కూర్చుంది, చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బస్టాపు దగ్గర 'మఫ్లర్ వద్దంటాడు, నాకు తెలుసు' అంది. ఫోన్ దగ్గర నన్ను ఆపింది.

'జలదరించడం ఏమిటే? జెర్రి మీద పాకితే జలదరిస్తుంది. తోడబుట్టినవాడు పోయాడని వింటే ఒళ్ళు ఝల్లుమంటుంది. ఝల్లుమందని రాయి.'

రాశాను. ఆ తర్వాత గ్లాసు దగ్గరికి వచ్చాను. 'గ్లాసు ఎత్తితే చెయ్యి వణికింది' అని చదవగానే అమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. కాసేపటికి అంది: 'ఆ వణుకు ఐదారేళ్ళ నుంచీ ఉంది. ఒలికితే నామోషీ పడతారని నేను సగం గ్లాసే పోసేదాన్ని. ఇంకాస్త కావాలా అని మళ్ళీ పోసేదాన్ని. ఆయనకు తెలియదు.'

నాకూ తెలియదు. అక్క కూతురి కథలో ఆ సగం గ్లాసు లేదు. రాత్రి ఫోన్ చేసి దానికి చెప్పాను. కాసేపు అటు నుంచి మాటలేదు, తర్వాత గొంతు అదురుతూ, 'పిన్నీ, నేను నిండా పోసేదాన్ని' అంది.